ప్రహరీ మీద పరాయి రాతలు: చెరిపే ముందు కాగితం పెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. కోనసీమలో అమ్మగారు ఒక్కరే ఉంటారు, రెండు రోడ్ల మూల ఇల్లు, పొడవాటి ప్రహరీ. పండక్కి రంగు వేయిస్తే నెల తిరక్కుండానే ఒక కాలేజీ వాళ్లు గోడ మొత్తం అడ్మిషన్ల ప్రకటన రాసేశారు. దాని పక్కన ఎవరో కుర్రాళ్లు ఎర్ర స్ప్రేతో పేర్లు రాశారు. అమ్మగారు వార్డు సచివాలయానికి వెళ్లి అడిగితే "అది మీ సొంత గోడ, మాకేం సంబంధం" అన్నారు. ఇప్పుడు దాన్ని ఎవరు చెరపాలి, చెరపకపోతే మున్సిపాలిటీ మనకే ఫైన్ వేస్తుందా, ఇదీ మీ ప్రశ్న. అమెరికాలో మీ తమ్ముడు గోడ యజమానికే నోటీసు వస్తుందని చెప్పి మరీ భయపెట్టాడన్నారు.

నేను గోదావరి జిల్లాల మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. గోడల గొడవలు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు, ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, బాధతో చెప్తున్నా. ముందు మీ టెన్షన్ తీరేలా ఒక మాట. ఎవరో వచ్చి మీ గోడ మీద రాసిపోతే, దాన్ని ఇన్ని రోజుల్లో చెరపలేదని మీకు ఫైన్ వేసే పద్ధతి మన దగ్గర లేదు. మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, అమెరికాలో చాలా ఊళ్లలో నోటీసు యజమానికే వెళ్తుంది, గడువులోగా చెరపకపోతే ఊరి వాళ్లే చెరిపి బిల్లు పంపుతారు. మన చట్టం అలా లేదు. కాకపోతే మన చట్టంలోనూ యజమాని మెడకు చుట్టుకునే మెలిక ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. అది వ్యాపార ప్రకటనల విషయంలో. దానికి తర్వాత వస్తాను.

ముందు చట్టం. 1997లో మన రాష్ట్రం ఒక చట్టం చేసింది, పేరు చాంతాడంత ఉంటుంది: బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నివారణ, అశ్లీల అభ్యంతరకర పోస్టర్లు, ప్రకటనల నిషేధ చట్టం. ఆఫీసులో మేం డిస్‌ఫిగర్‌మెంట్ యాక్ట్ అని సరిపెట్టుకునేవాళ్లం. బహిరంగ ప్రదేశం అంటే ప్రభుత్వ స్థలం అనుకుంటారు జనం, సచివాలయంలో కూర్చున్న పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. కాదండి. ఇక్కడ చూడాల్సింది స్థలం ఎవరిదన్నది కాదు, అది రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడుతోందా లేదా అన్నది. మీ ప్రహరీ బయటి వైపు అందరికీ కనబడుతుంది కాబట్టి అదీ ఈ చట్టం కిందకే వస్తుంది. యజమాని గానీ, ఇంట్లో ఉంటున్నవాళ్లు గానీ ఒప్పుకుంటూ రాసివ్వకుండా దాని మీద ప్రకటన అంటించినా, రాసినా నేరమే. జరిమానా, జైలు రెండూ రాసి ఉన్నాయి. నా సర్వీసు మొత్తంలో ఆ చట్టం కింద జైలుకి పోయిన వాణ్ణి మాత్రం నేను చూడలేదు, ఆ సంగతీ చెప్పాలి కదా. అందుకని "మీ సొంత గోడ, మాకు సంబంధం లేదు" అన్న జవాబు తప్పు. అమ్మగారు మాటగా అడిగారు, వాళ్లు మాటగా పంపించేశారు. కాగితం మీద అడిగి ఉంటే ఆ జవాబు కాగితం మీద రాసే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇక ఊరిని బట్టి చట్టం మారుతుంది. మీరు ఊరి పేరు రాయలేదు. అమలాపురం లాంటి మున్సిపాలిటీ అయినా, ముమ్మిడివరం లాంటి నగర పంచాయతీ అయినా 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. రాజమండ్రి, కాకినాడ లాంటి చోట కార్పొరేషన్ల చట్టం. అంబాజీపేట, రాజోలు లాంటి గ్రామ పంచాయతీల్లో 1994 పంచాయతీరాజ్ చట్టం, అక్కడ కమిషనర్ ఉండడు, పంచాయతీ కార్యదర్శి చేతికి ఇవ్వాలి. 1997 చట్టం వీటన్నిటికీ పైన ఉంటుంది. మీరు మున్సిపాలిటీ అన్నారు కాబట్టి మిగతాదంతా 1965 చట్టం లెక్కలో చెప్తా.

ఇప్పుడు ఆ మెలిక. 1965 చట్టంలో ప్రకటనల మీద కొన్ని సెక్షన్లున్నాయి. కమిషనర్ అనుమతి లేకుండా గోడ మీద, స్థలంలో, మేడ మీద ప్రకటన పెట్టకూడదు. సరే, పెట్టారు. ఎవరు పెట్టారు? పెయింటర్ రాత్రి వచ్చి పోయాడు, కాలేజీ వాళ్లు మాకు తెలీదంటారు. అందుకని చట్టం ఒక అడ్డదారి పెట్టుకుంది. ప్రకటన ఎవరి గోడ మీద ఉంటే వాళ్లే పెట్టుకున్నట్టు లెక్క, నాకు తెలియకుండా జరిగింది, నా మనుషులెవరూ ఇందులో లేరు అని యజమాని చూపించుకుంటే తప్ప. చదువుకున్నవాళ్లు కూడా ఈ ఆఖరి ముక్క పట్టించుకోరు. చూపించుకోవలసింది మనం. మౌనం అర్ధాంగీకారం అంటారే, మున్సిపల్ ఆఫీసులో అది పూర్తి అంగీకారం.

ఒకటి చెప్తా. చాలా ఏళ్ల కిందట, కాలవ ఒడ్డున ఉన్న ఒక మున్సిపాలిటీలో పనిచేస్తున్నప్పుడు, రిటైరైన హెడ్మాస్టరు గారి గోడ మీద మూలశంక వైద్యుడి ప్రకటన ఉండేది. పసుపు నేల మీద అరగజం ఎర్రక్షరాలు. మాస్టారికి అది కంటికి కారంలా ఉన్నా, పోనీలే పాపం ఎవడో పొట్టకూటి కోసం అని ఊరుకున్నారు. అప్పట్లో ప్రకటనల పన్ను ఉండేది. ఆ ఏడాది పన్ను వసూళ్లు పడిపోయాయని పైనుంచి ఒత్తిడి వస్తే, సెక్షన్‌లో కూర్చుని ఊళ్లో గోడలన్నీ లెక్కకట్టి నోటీసులు కొట్టారు. వైద్యుడి అడ్రసు ఎవరికి తెలుసు, గోడ అడ్రసు తెలుసు. నోటీసు మాస్టారికి వెళ్లింది. ఆయన పంచె బిగించుకుని, ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చి, "ఏమయ్యా, నాకు మొలలున్నాయా, వైద్యం వచ్చా, ఏ లెక్కన రాశావు?" అని అందరి ముందూ అడిగారు. నవ్వులే నవ్వులు. కానీ నోటీసు వెనక్కి తీసుకోవడానికి ఫైలు మూడు బల్లలు తిరిగింది, ఆయన ఏడెనిమిది సార్లు వచ్చారు. ముందే ఒక అర ఠావు మీద రెండు ముక్కలు రాసిచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

2017లో జీఎస్టీ వచ్చాక ఆ పన్ను రూపం మారిపోయింది, ప్రకటనల మీద పన్ను అనే పద్దునే రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోంచి 2016 సవరణలోనే తీసేశారు. కానీ అనుమతి, ఫీజు అన్నవి ఉన్నాయి, అనుమతి లేనిదాన్ని తీసేసే అధికారం ఉంది, ఎవరి గోడో వాళ్లకే నోటీసు రాసే అలవాటూ ఉంది.

అందుకే చెప్తున్నా, చెరపడానికి ముందు కాగితం. అంతకన్నా ముందు ఫోటోలు. దూరం నుంచి ఒకటి, అందులో ఇల్లూ రోడ్డూ కనబడాలి. దగ్గర్నుంచి ఇంకొకటి, ప్రకటనలోని ఫోన్ నంబరు చదవడానికి రావాలి. పెయింటర్లు చాలామంది కింద కుడి మూల చిన్న అక్షరాల్లో తమ పేరో సెల్ నంబరో వేసుకుంటారు, దాన్నీ తీయండి. తేదీ కనబడేలా తీస్తే ఇంకా మంచిది. మీరు హైదరాబాద్‌లో ఉన్నానన్నారు కాబట్టి అమ్మగారి చేత వాట్సాప్‌లో పంపించుకోండి, ఏ రోజు పంపారో అందులోనే ఉంటుంది.

కాగితం ఇలా రాయండి, తెలుగులోనే. "కమిషనర్ గారికి. ఫలానా వార్డు, ఫలానా డోర్ నంబరు ఇంటి ప్రహరీ గోడ మీద ఫలానా తేదీన మా అనుమతి లేకుండా ఫలానా సంస్థ ప్రకటన రాయించినది. దీనికి మేము రాతపూర్వకంగా గానీ నోటి మాటగా గానీ అంగీకరించలేదు, డబ్బు తీసుకోలేదు. 1997 చట్టం ప్రకారం సదరు సంస్థపై చర్య తీసుకోగలరు. ఈ ప్రకటనకు సంబంధించి ఏ రుసుమైనా, అపరాధమైనా మాకు వర్తించదని మనవి." అంతే. ఇంటి పన్ను రసీదు నకలు, రెండు ఫోటోలు జతచేయండి. పెద్ద పెద్ద ఇంగ్లీషు లాయర్ నోటీసులు వద్దు, వాటిని చూస్తే గుమస్తా భయపడి పక్కన పెడతాడు, పని చేయడు.

ఇది ఎక్కడ ఇవ్వాలన్నది అసలు కిటుకు. మున్సిపల్ ఆఫీసులో ఇన్‌వర్డ్ సెక్షన్‌లో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, మీ రెండో కాపీ మీద రౌండ్ సీలు, తేదీ, నంబరు వేయించుకోండి. సీలు వేయని కాపీ పెసరట్టు కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇంకో కాపీ వార్డు సచివాలయంలో. అక్కడ ఎవర్ని పడితే వాళ్లని అడిగితే ఎవరైనా కాదనే అంటారు. 2019లో సచివాలయాలు వచ్చినప్పట్నుంచి ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ కార్యదర్శి అని ఒకరుంటారు, ప్రకటనలు, కట్టడాలు వాళ్ల పని. శానిటేషన్ కార్యదర్శి వేరు, చెత్త, మురుగు వాళ్లది. అమ్మగారు ఎవరిని అడిగారో గానీ బహుశా శానిటేషన్ వాళ్లని అడిగి ఉంటారు, లేదా ఎదురుగా కూర్చున్నవాళ్లని అడిగి ఉంటారు.

ఇక్కడ నా వాళ్ల గుట్టు ఒకటి విప్పుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు గోడ గురించి ఫిర్యాదు ఇస్తే, చూడ్డానికి వచ్చేవాడు టేపు పట్టుకుని వస్తాడు. గోడ మీద రాత చూడ్డంతో ఆగడు, గోడ ఎక్కడుందో కూడా చూస్తాడు. మన ఊళ్లలో ప్రహరీలు తరానికో అడుగు చొప్పున డ్రెయిన్ మీదకో, కాలవ గట్టు మీదకో జరుగుతూ ఉంటాయి, నాకు తెలీనిది కాదు. మీ గోడ ప్లానులో ఉన్న చోటే ఉందా, గేటు ముందు ర్యాంపు డ్రెయిన్ మూసేసిందా, ఓసారి చూసుకుని ఆ తర్వాత ఫిర్యాదు పెట్టండి. ఒకాయన పక్కవాడి పోస్టర్ల మీద ఫిర్యాదు చేసి, తన మెట్లే కొట్టించుకున్నాడు. నేనే కొట్టించాను.

గట్టు మాట వచ్చింది కాబట్టి చెప్తా, డెల్టాలో గోడ ఎవరిదో తేల్చుకోవడమే సగం పని. వంతెన గోడ మీద రాశారా, అది రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్లదో, ఇరిగేషన్ వాళ్లదో, పంచాయతీరాజ్ వాళ్లదో. కాలవ గట్టు, లాకుల దగ్గర గదులు ఇరిగేషన్ వాళ్లవి. కరెంటు స్తంభానికి బోర్డు కడితే కరెంటు ఆఫీసు. ఇవన్నీ ప్రభుత్వ ఆస్తి కాబట్టి వీటిని పాడుచేస్తే 1984 నాటి ప్రభుత్వ ఆస్తి నష్ట నివారణ చట్టం ఉంది, మున్సిపాలిటీ మీద పడి ఏడిస్తే లాభం లేదు. మీది సొంత గోడ కాబట్టి ఈ గోల లేదు.

కాగితం ఇచ్చిన రోజే కాలేజీ వాళ్లకి ఫోన్ చేయండి. నిజం చెప్పాలంటే పదిలో ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. కోపంగా కాదు, "మీ ప్రకటన మా గోడ మీద ఉంది, మున్సిపాలిటీకి రాసిచ్చాం, సీలు పడిన కాపీ వాట్సాప్ చేస్తున్నా, ఆదివారం లోపు అదే రంగు వేయించి పెట్టండి" అని చెప్పండి. రిసెప్షన్‌లో అమ్మాయికి కాదు, పీఆర్వోకో ప్రిన్సిపాల్‌కో. అడ్మిషన్ల సీజన్లో ఊళ్లో పేరు పోవడం వాళ్లకి ఇష్టముండదు, అమ్మగారి గోడ కన్నా అమ్మగారి వీధిలో ఉన్న పది మంది ఇంటర్ పిల్లలు వాళ్లకి ముఖ్యం. ఒక జాగ్రత్త. వాళ్లు పంపే పెయింటర్ అయిదు కిలోల సున్నం డబ్బా పట్టుకొచ్చి రాత మీద తెల్లగా పట్టీ కొట్టేసి పోతాడు. అది ఒప్పుకోకండి, ఎందుకో కింద చెప్తా.

పెయింటర్ దొరికితే వాడి మీద పడకండి. వాళ్ల పని నేను దగ్గర్నుంచి చూశాను. రాత్రి పదకొండు దాటాక ఇద్దరు మనుషులు ఒక మోపెడ్ మీద వస్తారు, ఒకడు గోడకి తెల్ల పూత కొట్టుకుంటూ పోతాడు, రెండోవాడు నీలిమందు అద్దిన దారం రెండు చివర్లా పట్టి టప్ మని కొట్టి గీత పడగానే అక్షరాలు మొదలెడతాడు. స్కెచ్ ఉండదు, కొలత ఉండదు, ఏనుగంత అక్షరం కూడా చేతి లెక్కతోనే. తెల్లారేసరికి వీధి వీధంతా పూర్తి. ఫ్లెక్సీలొచ్చాక సగం మంది ఈ పని మానేసి ఆక్వా చెరువుల మీద కాపలాకి పోయారు. గోడకి ఇంతని కూలి వస్తుంది వాళ్లకి, యజమానిని అడిగావా అంటే "మాకు అడిగామనే చెప్పారండీ" అంటారు, చాలాసార్లు అది నిజం కూడా. పట్టుకోవాల్సింది రాయించినవాణ్ణి.

అద్దెకిచ్చిన ఇళ్లున్నవాళ్లకి ఒక మాట, మీకు కాకపోయినా చదివేవాళ్లకి పనికొస్తుంది. చట్టం ఒప్పుకునే హక్కు యజమానికి మాత్రమే అనలేదు, అందులో ఉంటున్నవాళ్లకీ ఇచ్చింది. అంటే అద్దెకున్నతను ఐదొందలు తీసుకుని రొయ్యల మేత కంపెనీకి సంతకం పెట్టిచ్చేస్తే, యజమాని ఆ 1997 చట్టం పట్టుకుని పెద్దగా చేయగలిగింది ఉండదు. భీమవరం, పాలకొల్లు వైపు ఇది చాలా జరుగుతుంది. అద్దె కాగితంలో "గోడ మీద ప్రకటనలకు అనుమతి ఇచ్చే హక్కు లేదు" అని ఒక లైను రాసుకోండి.

ఇప్పుడు కుర్రాళ్ల స్ప్రే రాతలు. ఇది ప్రకటన కిందకి రావడం కష్టం, ఆస్తి పాడుచేయడం కిందకి వస్తుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్, పాత ఐపీసీలో 425, 427. నష్టం ఇరవై వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల దాకా శిక్ష, తక్కువైతే ఆరు నెలల దాకా. చిన్న నష్టాలకి మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు, స్టేషన్‌కి వెళ్తే జనరల్ డైరీలో (జీడీ) రాసుకుని పంపిస్తారు. అది చాలు. మళ్లీ జరిగితే ఆ ఎంట్రీ పనికొస్తుంది. పేర్లు రాసింది ఎవరో వీధిలో అందరికీ తెలుసుంటుంది, అమ్మగారికీ తెలుసుంటుంది, చెప్పరంతే. ఆ పిల్లాడి తాతనో మేనమామనో కలిసి చెప్తే ఆ సాయంత్రానికి వాడే వచ్చి రుద్దుతాడు. నేను చూసినంతలో కేసు కన్నా మేనమామ నయం.

కానీ రాసింది కులం మీదో, మతం మీదో, ఒక నాయకుణ్ణి తిడుతూనో ఉంటే ఈ లెక్క చెల్లదు. అలాంటప్పుడు మీరు చేయి వేయకండి, చెరపకండి, ఫోటో తీసి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, నేరుగా స్టేషన్‌కి ఫోన్ చేయండి. అది న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే నేరం, 196వ సెక్షన్ దాకా పోయే వ్యవహారం, మన ప్రాంతంలో ఒక మాట ఎంత దూరం పోతుందో మీకు చెప్పక్కర్లేదు. వాళ్లొచ్చి చూసి పంచనామా రాసుకున్నాక వాళ్ల ముందే చెరిపించండి. ఒక ఆడపిల్ల పేరు పెట్టి బూతు రాస్తే మాత్రం ఫోటో తీసి వెంటనే దాని మీద పరదా పట్టానో గోనె సంచులో కట్టేయండి, పోలీసులు వచ్చేదాకా ఊరంతా చదవాల్సిన పనిలేదు.

ఎన్నికలప్పటి రాతల సంగతి మీరు అడగలేదు గానీ మూల ఇల్లు అన్నారు, మీకు తప్పదు. ఎన్నికల నియమావళిలో స్పష్టంగా ఉంది: ఏ పార్టీ అయినా, అభ్యర్థి అయినా, ఎవరి స్థలం, ఇల్లు, ప్రహరీ గోడ వాళ్ల అనుమతి లేకుండా వాడుకోకూడదు, జెండా కట్టకూడదు, నినాదం రాయకూడదు. షెడ్యూలు ప్రకటించిన దగ్గర్నుంచి ప్రభుత్వ భవనాల మీద ఉన్నవి 24 గంటల్లో, బస్టాండు, వంతెన, స్తంభాల్లాంటి బహిరంగ ఆస్తి మీదవి 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు ఆస్తి మీద ఉన్నవి 72 గంటల్లో తీసేయాలి. నా సర్వీసులో మున్సిపాలిటీ నిజంగా పరుగులు పెట్టి గోడలు చెరపడం చూసింది ఆ మూడు రోజుల్లోనే. ఏళ్ల తరబడి కదలని ఫైలు ఆ మధ్యాహ్నం కదులుతుంది. అప్పుడు ఎన్నికల సంఘం వారి ఫిర్యాదుల యాప్ సీ విజిల్‌లో ఫోటో పెడితే వంద నిమిషాల్లో జవాబు రావాలన్నది లెక్క. మీరు ఒప్పుకుని ఇచ్చినా సరే, రాసివ్వాలి, అభ్యర్థి ఆ కాగితాన్ని రిటర్నింగ్ అధికారికి చూపించాలి, ఖర్చు అతని లెక్కలో పడాలి. కాబట్టి పక్కింటి కుర్రాడు వచ్చి "పిన్నిగారూ, మనవాడే కదా, రాసేసుకుంటాం" అంటే అమ్మగారు కాదనక్కర్లేదు. "మా అబ్బాయిని అడిగి కాగితం రాసిస్తాను నాన్నా, నువ్వు ఆఫీసర్ గారికి ఇచ్చుకో" అనమనండి. మళ్లీ రాడు.

ఇక చెరపడం. దీని మీద ఎవరూ సరిగ్గా చెప్పరు, పెయింట్ షాపువాడు తన డబ్బా అమ్ముకోవడానికి చెప్తాడు.

ముందు రాసిన రంగు ఏదో తెలుసుకోవాలి. తడి గుడ్డతో ఒక అక్షరం మూల గట్టిగా రుద్దండి. గుడ్డకి రంగు అంటితే అది డిస్టెంపరో సున్నపు రంగో, నీళ్లు కొట్టి కొబ్బరి పీచుతో రుద్దితే చాలావరకు పోతుంది, అక్కడక్కడ మరక మిగులుతుంది. అంటకపోతే నూనె రంగు ఎనామిలో, ఆరాక నీళ్లకి కరగని ఎమల్షనో. ఎనామిల్ అయితే వెలుగు పడినప్పుడు మెరుస్తుంది. స్ప్రే కూడా నీళ్లకి కదలదు, థిన్నర్‌కి కదులుతుంది. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. గుడ్డని థిన్నర్లో ముంచి గోడంతా రుద్దుతారు, ఎరుపు కరిగి గోడ రంధ్రాల్లోకి దిగి, మూడక్షరాల రాత మూడడుగుల గులాబీ మచ్చవుతుంది, మీరు వేయించిన రంగు కూడా ఊడొస్తుంది. థిన్నర్ వాడేటట్టయితే చిన్న దూది ముక్కతో అద్ది తీయాలి, రుద్దకూడదు, ప్రతిసారీ కొత్త ముక్క. అంత ఓపిక లేకపోతే ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా గీకి, మరక పైకి రాకుండా ఆపే ప్రైమర్ ఒక కోటు, దాని మీద మీ రంగు రెండు కోట్లు. ప్రైమర్ లేకుండా తెల్ల రంగు ఎన్ని కోట్లు కొట్టినా ఎరుపు, నీలం దెయ్యాల్లా పైకి తేలతాయి.

యాసిడ్ పోయకండి. బాత్రూములు కడిగే యాసిడ్ పట్టుకుని వచ్చే మేస్త్రీలు ఉన్నారు. అది రంగుతో పాటు సిమెంటు పూతనీ తింటుంది, గోడ ఇసుక ఇసుకగా రాలుతుంది, ఆ తర్వాత దాని మీద ఏ రంగూ నిలవదు.

పోస్టర్లయితే ఇంకో తీరు. మైదా ఉడికించిన జిగురుతో అంటిస్తారు, ఎండిందంటే రాయే. పొడిగా గీకితే మీ రంగు కూడా వస్తుంది. గోనె సంచి నీళ్లలో తడిపి పోస్టర్ మీద ఆనించి అరగంట ఉంచండి, అరిటాకు ఊడినట్టు ఊడి వస్తుంది. మైదా వాసనకి ఆవులొచ్చి నాకి నాకి మనకి కొంత సాయం చేస్తాయి, అయితే కొందరు జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు, అలాంటివి పశువులు తినకుండా చూడండి, ఊడదీసిన కాగితాలు రోడ్డు మీద పారేయకండి.

సున్నం పట్టీ ఎందుకు వద్దన్నానంటే, ఎనామిల్ మీద సున్నం పట్టదు. తొలి వానకే పొరలు పొరలుగా లేచి కింద అక్షరాలు మళ్లీ కనబడతాయి, మీరు కొట్టించిన రంగు పక్కన ఆ తెలుపు బొల్లి మచ్చలా ఉంటుంది. స్తంభం నుంచి స్తంభం దాకా ఒక పలక మొత్తం మీ రంగే వేయించమనండి. మీ రంగు షేడ్ నంబరు మీ పెయింటర్ని అడిగి గోడ లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి, మిగిలిన రంగు అర లీటరైనా గట్టిగా మూతపెట్టి దాచండి. డెల్టాలో ఇంకో బాధ, గోడ కింద రెండడుగులు ఎప్పుడూ చెమ్మే. ఉప్పు తేలి తెల్లటి పొడి వస్తుంది, దాని మీద ఏం వేసినా లేచిపోతుంది. వాన పడిన వారంలో రంగు పని పెట్టుకోకండి. పొడి బ్రష్‌తో ఉప్పు దులిపి, నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి అప్పుడు వేయండి. సంక్రాంతి తర్వాత మే దాకా మంచి కాలం.

మళ్లీ రాయకుండా ఏం చేయాలంటే, "ఇచట ప్రకటనలు రాయరాదు" అన్న బోర్డు మీద కూడా ప్రకటన రాసినవాణ్ణి నేను చూశాను. దేవుళ్ల బొమ్మల టైల్సు అంటించడం నాకు నచ్చదు, అవి ఒంటేలు పోయేవాళ్లని ఆపుతాయేమో గానీ ఎన్నికల పెయింటర్ని ఆపవు, దేవుణ్ణి తప్పించి పక్కన రాస్తాడు. పనిచేసేవి రెండే. ఒకటి, గోడ నున్నగా లేకపోవడం. సిమెంటులో చిన్న కంకర కలిపి విసిరి కొట్టే గరుకు పూత ఉంటుంది, దాని మీద కుంచె ఆడదు, పోస్టర్ అంటదు. రెండు, ముందే బొమ్మ ఉండటం. ఊళ్ల శుభ్రతకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ రోజుల్లో మున్సిపాలిటీలు గోడల మీద కొబ్బరి చెట్లు, పడవలు, కాటన్ దొర బొమ్మలు వేయించాయి కదా, వాటి మీద ప్రకటన రాయడానికి పెయింటర్లకే చేయి రాదు, తోటి పనివాడు వేసిన బొమ్మ అని. మీ గోడకీ అలా వేస్తామని మున్సిపాలిటీ అడిగితే ఒప్పుకోవచ్చు, దానికీ రాతపూర్వక అనుమతే ఉండాలి. తీగ పాకించడం కూడా మంచిదే, అయితే మొక్క మీ స్థలంలో ఉండాలి, డ్రెయిన్ అంచున పెడితే టేపు పట్టుకుని వచ్చేవాడి సంగతి చెప్పాను కదా.

సీలు పడిన కాగితం ఇచ్చి నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాపీ జతచేసి అర్జీ ఇవ్వండి. దానితో పాటు సమాచార హక్కు చట్టం కింద ఒక్క ప్రశ్న అడగండి: "మా వీధిలో ఫలానా సంస్థ ప్రకటనలకు అనుమతి ఇచ్చారా, ఇస్తే ఎంత రుసుము వసూలైంది?" ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వలేదు అని రాస్తే వాళ్ల పని వాళ్లు చేయలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు, ఇచ్చామంటే మీ సంతకం ఎక్కడిదని అడగొచ్చు. మా సెక్షన్‌లో ఇలాంటి ఆర్టీఐ వచ్చిన రోజు టీ కూడా దిగేది కాదు.

డబ్బు కోసం గోడ అద్దెకిచ్చే ఆలోచన ఉందా అని ఇంకెవరో కింద అడిగారు. ఇచ్చుకోవచ్చు, కంపెనీతో కాగితం, ఎన్నాళ్లకో తేదీలు, అయిపోయాక మొదటి రంగు వేసి ఇవ్వాలన్న షరతు, మున్సిపాలిటీ అనుమతి వాళ్లే తెచ్చుకోవాలన్న లైను, ఇవి లేకుండా అయిదు వేలకి ఆశపడకండి. పొలిటికల్ వాటికి మాత్రం ఎంతిచ్చినా వద్దు.

మీరు ఇప్పుడు చేయాల్సింది, అమ్మగారి చేత ఆ తడి గుడ్డ పరీక్ష ఒకటి చేయించండి, కాలేజీ ప్రకటన అక్షరం దగ్గర ఒకసారి, ఎర్ర స్ప్రే దగ్గర ఒకసారి. గుడ్డ ఫోటో, గోడ అడుగున చెమ్మ ఎంత ఎత్తు వరకు ఉందో ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. మీ రంగు ఎమల్షనా, ఎపెక్స్ లాంటి ఎమల్షన్ బ్రాండు పేరు చెప్పి కొట్టిన మామూలు డిస్టెంపరా కూడా రాయండి, పెయింటర్లు ఆ తేడా చేస్తుంటారు. చూసి ఏ ప్రైమర్ తెప్పించాలో చెప్తాను.